మాస్టారి కుడిచెయ్యి

కస్తూరక్కకి తప్పు వాయించడం చేతకాదు. అంటే తప్పులు రావని కాదు, అందరికీ వచ్చినట్టే వస్తాయి. వచ్చిన తప్పుని వదిలేసి ముందుకు పోవడం ఆవిడకి చేతకాదు.

గిటారు మీద వేలు ఒక్కటి పక్క తీగకి తగిలిందా, చటుక్కున ఆపేస్తుంది. నాలికతో "చ్చ్" అంటుంది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. మళ్ళీ తప్పు, మళ్ళీ "చ్చ్", మళ్ళీ మొదలు.

ఆవిడ చేసే పని కూడా అలాంటిదే. మా రైల్వే బజారులో జాకెట్లు కుడుతుంది. ఒక్క కుట్టు వంకరపోయినా మొత్తం విప్పేసి మళ్ళీ కుడుతుంది. అందుకే ఊళ్ళో పెళ్ళి జాకెట్లన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. అందుకే ఏ ఒక్కటీ చెప్పిన రోజుకి అందదు.

మేమంతా ఎబినేజరు మాస్టారి శిష్యులం. మాది నెల్లూరు దాటాక మెయిన్ లైను మీద వచ్చే రైల్వే ఊరు. మాస్టారు గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం మధ్యాహ్నం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఫ్యాను కింద చాప పరిచి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు గిటారు నేర్పేవారు. సంగీతం మీద బతికేవాడు మాలో ఒక్కడూ లేడు. నాది మందుల షాపు. ఒకాయన పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఇంకొకాయన ఎల్ఐసీ ఏజెంటు. వేళ్ళకి లేచిన బొబ్బలు, ఇంట్లో పడే తిట్లు, ఉప్పుగాలికి తుప్పుపట్టే తీగలు, ఇవే మా కబుర్లు. తీగల మీద వేళ్ళు పెట్టే కొత్త పట్టు ఒకటి ఎవరికైనా దొరికిందంటే వారమంతా టీ కొట్టు దగ్గర అదే మాట. బయటివాళ్ళకి మేం కాస్త తిక్కవాళ్ళలా కనబడతాం. వాళ్ళు మరీ తప్పేం కాదు.

మా గుంపుకి ఒక ఆచారం ఉంది. మా స్టేషన్లో డ్రైవర్లు మారతారు. మా ఊరి డ్రైవరు ఎవరైనా రిటైరయ్యే రోజు ఆఖరి బండి తెచ్చి మా ప్లాట్‌ఫారం మీద దిగుతాడు. కొత్త డ్రైవరు ఎక్కి బండిని ముందుకు తీసుకుపోతాడు. ఆ కాస్త వ్యవధిలో మేం వాయిస్తాం.

వాయించేది మాస్టారు కట్టిన పాట. మాటల్లేవు, వట్టి గిటారే. దాన్ని మేం దిగుడు పాట అంటాం. మొదటి భాగం ఆయన ఇంజను దిగేటప్పటికి. రెండో భాగం దండలు వేసి చేతులు కలిపేటప్పటికి. మూడో భాగం బండి కదిలేటప్పటికి. జీవితమంతా ఇంజనులో నిలబడి ఊళ్ళని వెనక్కి పంపిన మనిషి, మొట్టమొదటిసారి ప్లాట్‌ఫారం మీద నిలబడి, తన బండి తను లేకుండా వెళ్ళిపోవడం చూస్తాడు. మూడో భాగం దానికోసం కట్టింది.

ముందుండి వాయించేది ఎప్పుడూ మాస్టారే. మేం వెనకాల అందుకునేవాళ్ళం. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, తన గిటారు కస్తూరక్కకి ఇచ్చారు. మాలో చెయ్యి బాగా తిరిగింది ఆవిడకే. మొదటి భాగం ఆవిడ వాయిస్తుంటే మాస్టారే కళ్ళు మూసుకుని వినేవారు. రాదూ మరి, అన్నిసార్లు మొదటినుంచి ఎత్తుకుంటే! మూడో భాగం దాకా ఆవిడ చేరిన రోజులే తక్కువ.

డ్రైవరు మస్తానయ్య గారు రిటైరైన రోజున ఆవిడ మొదటిసారి ముందు కూర్చుంది. మొదటి భాగం అద్భుతంగా నడిచింది. రెండో భాగంలో వేలు జారింది. "చ్చ్" అంది. ఆపేసింది. మొదటినుంచి ఎత్తుకుంది.

మాలో సగం మంది ఆవిడతో వెనక్కి వెళ్ళాం, సగం మంది ముందుకు పోయారు. అది పాటో గోలో ఎవరికీ తెలియలేదు. ఇంజను కూత వేసింది, బండి కదిలింది. ఆఖరి పెట్టె మా ముందునుంచి దాటిపోయేసరికి మేమింకా మొదటి భాగంలోనే ఉన్నాం. మస్తానయ్య గారు ఖాళీ పట్టాల ముందు మెడలో దండతో నిలబడిపోయారు. "బాగుంది తల్లీ" అని కస్తూరక్క తలమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆవిడ గిటారు పెట్టె పట్టుకుని నా షాపు ముందు నిలబడింది.

"మాస్టారింటి దగ్గర దించు. ఇది ఆయనది, ఆయనకే ఇచ్చేస్తా. ఇంక నేను దీన్ని ముట్టను."

"ఒక్కసారి తప్పు పడిందని ఎవరైనా మానేస్తారా అక్కా?"

"ఒక్కసారే అయితే ఏందిరా? మస్తానయ్య గారు ఇంకోసారి రిటైరవుతాడా?"

షాపు తలుపు దించి స్కూటరు తీశాను.

మాస్టారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో మర్చిపోయి వదిలేసిన తువ్వాలులాగా. కస్తూరక్క పెట్టె ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ప్లాట్‌ఫారం మీద జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏడవలేదు కూడా.

"తప్పు పడితే నా చెయ్యి దానంతటదే ఆగిపోతాది మాస్టారూ. ఎంత ప్రాక్టీసు చేసినా అంతే. తప్పు పడకుండా వాయించడం ఎట్టాగో చెప్పండి. లేదంటే దీన్ని తీసేసుకోండి."

మాస్టారు నావైపు తిరిగారు. పక్షవాతం వచ్చాక ఆయన మాట కాస్త ముద్దగా వచ్చేది, అందుకని పొదుపుగా మాట్లాడేవారు.

"పెంచలయ్య దిగేది ఎప్పుడు?"

"వచ్చే నెలాఖరుకి, మాస్టారూ."

పెంచలయ్య గారి సంగతి చెప్పాలి. మాస్టారు గార్డుగా ఉన్న రోజుల్లో ఆయన బండికి ఎక్కువగా డ్రైవరు పెంచలయ్య గారే. డ్రైవరు ముందు ఇంజనులో, గార్డు వెనక ఆఖరి పెట్టెలో, మధ్యలో గూడ్సు బండి పొడవంతా. దారిలో ఒకరి మొహం ఒకరికి కనబడదు. జెండా, దీపం, కూత, అంతే వాళ్ళ మాటలు. అలా ఏళ్ళ తరబడి బండ్లు నడిపారు. పెంచలయ్య దిగే రోజున తానే వాయించాలని మాస్టారి కోరిక. ఈ సంగతి మాకందరికీ తెలుసు. ఆయన చెయ్యి పడిపోయాక ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

"తియ్యి దాన్ని," అన్నారు మాస్టారు.

కస్తూరక్క పెట్టె తెరిచింది.

"నా కుడిపక్కన కూర్చో."

కూర్చుంది. గిటారు ఒళ్ళు ఆవిడ ఒళ్ళోకి, గిటారు మెడ తన ఛాతీ ముందుకి వచ్చేలా మాస్టారు సర్దుకున్నారు. పడిపోయిన చెయ్యి ఇద్దరి మధ్యా ఉంది. ఎడమచెయ్యి పైకెత్తి గిటారు మెడ పట్టుకున్నారు. వేళ్ళు తీగల మీద వాటి చోట్లలో అవే కూర్చున్నాయి.

"నాకు కుడిచెయ్యి లేదు. నీది ఇయ్యి."

"మాస్టారూ, నేను..."

"మొదలెట్టు."

ఆవిడ మీటింది.

నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆ పాట నాకు కొత్త కాదు. మాస్టారు వాయించగా విన్నాను, కస్తూరక్క వాయించగా విన్నాను. ఇది ఆ రెండూ కాదు. ముసలాయన పట్టులోని నిదానం, ఆవిడ మీటులోని పదును, రెండూ ఒకే చెక్కలోంచి వస్తున్నాయి. లోపలినుంచి ఎవరో మూడో మనిషి వాయిస్తున్నట్టుంది.

రెండో భాగంలో ఎప్పటిచోటే తప్పు పడింది. "చ్చ్" అంది కస్తూరక్క. చెయ్యి ఎత్తేసింది. మాస్టారి వేళ్ళు మళ్ళీ మొదటి పట్టుకి వస్తాయని ఎదురుచూసింది.

అవి రాలేదు. తర్వాతి పట్టుకి పోయాయి. అక్కడ కాసేపు ఉండి, ఆ తర్వాతి పట్టుకి పోయాయి. మీటే చెయ్యి లేదు కాబట్టి చప్పుడు లేదు. తీగల మీద వేళ్ళు పడేటప్పుడు చిన్నగా టక్ మంటోంది, జరిగేటప్పుడు సన్నగా గీసినట్టుంటోంది, అంతే. వేళ్ళు మాత్రం నడుస్తున్నాయి. రెండో భాగం అయిపోయింది. మూడో భాగంలోకి వెళ్ళాయి. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయనకి పాట వినబడుతోంది. ఆయన మొహం చూస్తే తెలిసిపోతోంది.

కస్తూరక్క ఆ వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. నేనూ అంతే. వినబడని పాట ఒకటి మా ముందునుంచి వెళ్తోంది, మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. దాన్ని ఏమనాలో నాకు ఇవాళ్టికీ తెలియదు. చర్చిలోనూ నాకు అంత భయభక్తులు కలగలేదు.

ఆఖరి పట్టు పట్టి, కాసేపు ఉంచి, మాస్టారు వేళ్ళు తీశారు.

"రేపు రా."

"తప్పు పడకుండా ఎట్టాగో చెప్పలేదు మీరు."

"రేపు రా."

ఆవిడ రోజూ మధ్యాహ్నం మిషను మూసేసి వెళ్ళింది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు లబోదిబోమన్నారు. నేను మాత్రలు ఇచ్చే నెపంతో వెళ్ళేవాణ్ణి. ఆ మాత్రలు రెండురోజులకోసారి ఇస్తే సరిపోతుంది, కానీ మనసు ఊరుకునేది కాదు.

రోజూ అదే. ఎక్కడో ఒకచోట తప్పు పడేది. ఆవిడ ఆగేది. వేళ్ళు ఆగేవి కావు. మాస్టారు కోప్పడలేదు, సరిదిద్దలేదు, ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. ఆవిడ ఆగిన దగ్గర్నుంచి చివరిదాకా ఆ మూగ పాటని కళ్ళతో చూస్తూ కూర్చునేది. మధ్యలో చెయ్యి వెయ్యాలని తీగల దాకా తీసుకెళ్ళేది, భయపడి వెనక్కి తీసేసేది.

ఒకరోజు ఇంక తట్టుకోలేక ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆగండి మాస్టారూ! ఒక్కసారి వెనక్కి రండి!"

ఆవిడ పట్టుకున్న చేతికిందే వేళ్ళు కదులుతున్నాయి. బలవంతం ఏమీ లేదు, వాటి పాటికి అవి మెల్లగా. కస్తూరక్క చెయ్యి వదిలేసింది. వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు పాట పూర్తిచేసి, ఆవిడకి మంచినీళ్ళు తెమ్మని నాకు సైగ చేశారు.

ఆదివారం హాల్లో ఏజెంటు గారు పైకే అనేశారు. "మస్తానయ్య గారికి జరిగిందే పెంచలయ్య గారికీ జరిగితే మొహాలు యాడ పెట్టుకుంటాం? ఇంకెవరినన్నా ముందు కూర్చోపెడదాం." ఆయన మాటలో తప్పు లేదు. లోపల నేనూ అదే అనుకుంటున్నాను. కస్తూరక్క తల దించుకుంది. మాస్టారు విననట్టే తీగలు శ్రుతి చేయించారు.

పెంచలయ్య గారు దిగే రోజు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్లమీద మాస్టారిని కూర్చోపెట్టాం. కుడిపక్కన కస్తూరక్క, ఇద్దరి ముందూ ఒక్క గిటారు. వెనకాల మేము. ఒక గిటారుకి ఇద్దరేమిటని జనం వింతగా చూస్తున్నారు. కస్తూరక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

బండి వచ్చి ఆగింది. పెంచలయ్య గారు ఇంజను మెట్లు దిగి, తిరిగి చూసి, ఒక్కసారిగా ఆగిపోయారు. మాస్టారు వస్తారని ఆయన అనుకోలేదు. "గార్డు సార్!" అన్నారు. అప్పుడే కస్తూరక్క మీటింది.

మొదటి భాగం నడిచింది. టీ అమ్మేవాళ్ళు కెటిల్ దించి నిలబడ్డారు. దండలు పడుతున్నాయి, చేతులు కలుపుతున్నారు. రెండో భాగంలోకి వెళ్ళాం.

తప్పు పడింది.

ఆ "చ్చ్" నాకు వినబడింది. ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది. మస్తానయ్య గారి రోజున అయిన గోల గుర్తొచ్చి ఈసారి మేమంతా ఆగిపోయాం. ప్లాట్‌ఫారం మీద పాట లేదు. అంతా అయిపోయిందనుకున్నాను. ఏజెంటు గారు నావైపు చూశారు, నేను నేలకేసి చూశాను.

టక్. కాసేపటికి మళ్ళీ టక్.

తలెత్తాను. మాస్టారి వేళ్ళు నడుస్తున్నాయి. అంత పెద్ద స్టేషన్లో, అంత జనం మధ్య, వినబడని పాట నిదానంగా ముందుకు పోతోంది. పెంచలయ్య గారు దండలు వేసేవాళ్ళని చేత్తో పక్కకి జరిపి, ఆ వేళ్ళనే చూస్తున్నారు. చూస్తూ తల ఊపుతున్నారు. సరిగ్గా పాట నడకకి ఊపుతున్నారు, ఒక్క అడుగు తప్పకుండా. ఆయనకి వినబడుతోంది.

కస్తూరక్క అవమానంతో దించుకున్న మొహం పైకెత్తింది. ఎదురుగా ఆ ఊగే తల కనబడింది. ఆ తలకేసి చూసింది, పక్కన వేళ్ళకేసి చూసింది.

ఇంజను కూత వేసింది. బండి కదిలింది.

ఆవిడ చెయ్యి తీగల మీద పడింది.

మొదట్లో కాదు. ఆగిన చోట కాదు. ఆ వేళ్ళు అప్పటికి ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడ. మూడో భాగం మొదలవుతోంది. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదని చెప్పలేను, ఒకటి రెండు చోట్ల తీగ కీచుగా పలికింది. ఆవిడ ఆగలేదు. మాలో ఎవరమూ అందుకోలేదు. అందుకోవాలని కూడా తోచలేదు. పెట్టె తర్వాత పెట్టె దాటిపోతోంది, చక్రాల చప్పుడు పెరుగుతోంది, ఆ చప్పుడులో ఆ ఒక్క గిటారు స్పష్టంగా వినబడుతోంది. నా జీవితంలో అలాంటిది వినలేదు. ఇంక వింటానని ఆశ కూడా లేదు. పెంచలయ్య గారు బండివైపు తిరిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆఖరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపుతూ దాటిపోయాడు. సరిగ్గా అప్పుడు పాట ఆఖరి పట్టుకి చేరింది.

బండి కనుమరుగైంది. పెంచలయ్య గారు వచ్చి మాస్టారి ముందు నేలమీద కూర్చుని, ఆ పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. పెద్దాయన, అందరి ముందూ అలా ఏడుస్తుంటే ఎవరికీ ఆపాలనిపించలేదు.

ఆయన లేచి వెళ్ళాక కస్తూరక్క చాలా చిన్న గొంతుతో అంది.

"మాస్టారూ, తప్పు చేశాను."

మాస్టారు ఆవిడవైపు తిరిగారు. నిజంగానే తెలియనట్టు, నెమ్మదిగా అడిగారు.

"ఎప్పుడు?"

కస్తూరక్క చెప్పబోయింది. ఖాళీ పట్టాలకేసి చూసింది. నోరు మూసుకుంది.

తీగల్లో చప్పుడు ఎప్పుడో అణగిపోయింది. మాస్టారి వేళ్ళు ఆఖరి పట్టు మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడ కూడా చెయ్యి తియ్యలేదు. ఆయన తీసేదాకా అలాగే కూర్చుంది.